క్లౌడ్‌లో దాచుకోండి, తాళం చెవి మాత్రం ఇంట్లో పెట్టుకోండి

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి ఫోన్ చేశాడు. వాడక్కడ చదువుకుంటున్నాడు. "మావయ్యా, నువ్వు ఎప్పట్నుంచో చెప్తున్న ఆ సెట్టింగు ఇవాళ ఆన్ చేద్దామని చూస్తే, ఈ దేశంలో కొత్తవాళ్ళకి ఇక ఇవ్వలేం అని వస్తోంది, నా ఫోన్ ఏమన్నా పాడైందా?" అని. ఫోన్ బాగానే ఉంది. ఆ సెట్టింగు పేరు అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్, ఐఫోన్లోంచి నెట్‌లో దాచుకున్నవాటి తాళం చెవి మన దగ్గరే ఉంచేది. ఆ వారమే యాపిల్ బ్రిటన్ మొత్తానికి దాన్ని ఎత్తేసింది. ఆర్నెల్లుగా నేను చెప్తుంటే చేస్తాలే, చేస్తాలే అని నెట్టుకొచ్చినందుకు ముందు వాణ్ణి నాలుగు తిట్టి, తరవాత అసలు సంగతి చెప్పాను. అదే ఇక్కడా రాస్తున్నా. మా రాజోలు, పాలకొల్లు వైపు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు బయటి దేశంలో ఉంటారు, ఇక్కడున్న వాళ్ళకేమో ఆధార్ కాపీల దగ్గర్నుంచి రొయ్యల చెరువు లెక్కల దాకా అన్నీ ఫోన్లోంచి ఎక్కడికో వెళ్ళి కూర్చుంటున్నాయి, ఎక్కడికో మాత్రం ఎవరూ అడగరు.

ముందు లస్కరు సంగతి

క్లౌడ్‌లో, అంటే నెట్‌లో ఏదో కంపెనీ కంప్యూటర్లలో దాచిన ఫైలుకి ఎన్‌క్రిప్షన్, అంటే చెవి లేనివాళ్ళకి అర్థం కాకుండా చేసే తాళం, ఉందా అని అడగడం దండగ. ఈ రోజుల్లో అందరూ ఉందనే చెప్తారు, అబద్ధం కూడా కాదు. అడగాల్సింది తాళం చెవి ఎవరి దగ్గరుందని. మన కాలవల మీద తూముల్నే చూడండి. మీ చేలోకి నీళ్ళొచ్చే తూముకి షట్టరుంటుంది, దాన్ని తిప్పే హ్యాండిలు కాలవ కాసే లస్కరు దగ్గరుంటుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులు పెట్టినప్పుడు ఇరిగేషన్ వాళ్ళు మీ గుమ్మంలోకొచ్చి మిమ్మల్ని అడగరు, లస్కరుకి ఫోన్ చేస్తారు. పొద్దున్నే చేలోకెళ్ళి బోదె ఎండిపోయి ఉండటం చూశాకే మీకు తెలుస్తుంది.

గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫోటోస్, యాపిల్ వాళ్ళ మామూలు ఐక్లౌడ్ బ్యాకప్, ఇవన్నీ లస్కరు తూములే. తాళం వేస్తారు, గట్టి తాళమే, కానీ చెవి కంపెనీ దగ్గరుంటుంది. చట్టప్రకారం కాగితం వస్తే తీసి ఇస్తారు. ఏ దేశ ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగింది, ఎన్నిటికి ఇచ్చాం అన్న లెక్కలు గూగుల్, యాపిల్ స్వయంగా ప్రకటిస్తుంటాయి కూడా, ఇందులో రహస్యమేం లేదు.

రెండో రకం ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్. ఇందులో ఫైలు మీ ఫోన్లోంచి బయటికి వెళ్ళక ముందే తాళం పడిపోతుంది, చెవి మీ దగ్గరే ఉండిపోతుంది. ఆర్డరు పట్టుకొచ్చినా కంపెనీ ఇవ్వగలిగింది అర్థం కాని అక్షరాల మూట ఒక్కటే. ప్రభుత్వాలకి పేచీ వచ్చింది దీంతోనే.

బ్రిటన్‌లో 2016లో చేసిన ఇన్వెస్టిగేటరీ పవర్స్ చట్టం కింద, మేం అడిగినప్పుడు ఇవ్వగలిగే ఏర్పాటు నీ దగ్గర ఉండి తీరాలి అని కంపెనీకి నోటీసు ఇవ్వొచ్చు. నోటీసు వచ్చిన సంగతి కంపెనీ బయటికి చెప్పకూడదు. 2025 జనవరిలో యాపిల్‌కి అలాంటిది వెళ్ళిందని ఫిబ్రవరి 7న వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. దొడ్డిదారి కట్టడం కన్నా ఆ సౌకర్యమే ఇవ్వకపోవడం నయమనుకుని, 21న యాపిల్ అక్కడ అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్‌ని ఆపేసింది. ఆగస్టులో అమెరికా ఇంటెలిజెన్స్ డైరెక్టర్ తులసీ గబ్బర్డ్, బ్రిటన్ వెనక్కి తగ్గిందన్నారు. అక్టోబరుకల్లా, ఈసారి బ్రిటన్ వాళ్ళ ఖాతాల వరకే అంటూ ఇంకో ఆర్డరు ఇచ్చారని పత్రికల్లో వచ్చింది. మా వాడి ఫోన్లో మాత్రం ఆ సెట్టింగు తిరిగి రాలేదు.

పోలీసులకి నిజంగా అవసరం పడదని నేననను, పిల్లల్ని ఎత్తుకుపోయిన కేసుల్లాంటివి ఉంటాయి. కానీ మంచివాళ్ళకి మాత్రమే తెరుచుకునే దారి అనే మాట విన్నప్పుడల్లా నాకు ఏటిగట్టు గుర్తొస్తుంది. ఎవరో ఒకరి అవసరానికని గట్టుకి గండి పెట్టాక, వరద ఎవరి కొంపలోకి వెళ్ళాలో అడిగి వెళ్ళదు. అమెరికాలో 1994 చట్టం ప్రకారం ఫోన్ కంపెనీలు పోలీసుల కోసం మాటలు వినే ఏర్పాట్లు పెట్టి ఉంచాయి. 2024లో బయటపడిన సంగతేంటంటే, సాల్ట్ టైఫూన్ అని పేరుపడిన చైనా హ్యాకర్లు ఆ ఏర్పాట్లలోకే దూరారు.

మన దగ్గర చట్టం ఏమంటుంది

ఐటీ చట్టం 2000లో, అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టంలో, 69వ సెక్షన్ చూడండి. దేశ భద్రత, శాంతిభద్రతలు, నేర విచారణ లాంటి కారణాలతో కేంద్ర లేక రాష్ట్ర హోం కార్యదర్శి రాతపూర్వకంగా ఆదేశిస్తే డేటా చూడొచ్చు, తాళం తీసిపెట్టమనొచ్చు. 2018 డిసెంబరు 20న కేంద్రం ఇందుకు 10 సంస్థల పేర్లు ప్రకటించింది. ఒక ఆదేశం 60 రోజులు నడుస్తుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. సహకరించకపోతే ఏడేళ్ళ వరకు జైలు, అదీ కంపెనీకి మాత్రమే కాదు, ఖాతా ఉన్న మనకి కూడా. ఈ చివరి ముక్క చాలామందికి తెలీదు.

ఇదే సెక్షన్ కింద 2009లో వచ్చిన నిబంధనల్లో ఒక మాటుంది, నాకు మొత్తం కథలో ముఖ్యమైంది ఇదే. తాళం తీయమని కంపెనీకి ఇచ్చే ఆదేశం, ఆ కంపెనీ స్వయంగా వేసిన తాళానికి, లేదా దాని చేతిలో చెవి ఉన్న తాళానికి మాత్రమే వర్తిస్తుంది. అంటే మీరు ఇంట్లో తాళం వేసి డ్రైవ్‌లో పెట్టిన ఫైలుని తెరిచివ్వమని గూగుల్‌ని అడగలేరు. అడగాల్సి వస్తే మిమ్మల్నే అడగాలి, అప్పుడు కనీసం అడిగారన్న సంగతి మీకు తెలుస్తుంది. నేను ఇంత రాయడమంతా ఆ ఒక్క తేడా కోసమే.

2021 ఐటీ నిబంధనల్లో మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్నదాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది, ఎన్‌క్రిప్షన్ తీసెయ్యమంటే మేం దేశం వదిలి వెళ్ళిపోతాం అని 2024 ఏప్రిల్లో దాని లాయరు కోర్టులోనే అన్నారు. ఇక వ్యాపారం చేసేవాళ్ళు చూసుకోవాల్సింది 2025 ఆదాయపు పన్ను చట్టం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఈ చట్టం సోదా అధికారాన్ని మెయిళ్ళకి, క్లౌడ్ ఖాతాలకి కూడా పేరుపెట్టి మరీ వర్తింపజేసింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల లెక్కలు రాసుకునేవాళ్ళకి ఇది దూరపు వార్త కాదు. తప్పుడు లెక్కలు దాచడానికి ఈ వ్యాసం ఉపయోగపడుతుందనుకుంటే ఇక్కడే ఆపేయండి, పడదు.

ఏది దాచాలి, ఏది అక్కర్లేదు

ఇక పనిలోకి దిగుదాం. అన్నిటికీ తాళం వేస్తానని కూర్చుంటే వారంలో విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు, నేను చూశాను. పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్, వన్-బి లాంటివి సర్కారు దగ్గర ఉన్నవే, వాటిని సర్కారు నుంచి దాచడమేంటి? పిల్లల స్కూలు ఫంక్షన్ వీడియోలూ అక్కర్లేదు. ఇంటిల్లిపాది ఆధార్, పాన్ కాపీలు, బ్యాంకు కాగితాలు, డాక్టరు రిపోర్టులు, చేబదులు ఇచ్చిపుచ్చుకున్న నోట్లు, వ్యాపారం లెక్కలు, బయటపడితే మనసు కష్టపడే ఫోటోలు, ఇవి చాలు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి వీటి మీద కన్నేసేది సర్కారు కన్నా ముందు ఏ ఓటీపీ దొంగో అవుతాడు. ఒకే తాళం ఇద్దరికీ అడ్డం పడుతుంది, అది లాభమే కదా.

వాట్సాప్ బ్యాకప్

ఇది అయిదు నిమిషాల పని, అయినా ఎవరూ చెయ్యరు. చాట్లకి ఎండ్ టు ఎండ్ ఉందని అందరికీ తెలుసు, కానీ బ్యాకప్‌కి దానంతటది ఉంటుందని లెక్కేసుకోకండి, మీరే వెళ్ళి చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, దాని అడుగున ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అని ఉంటుంది. ఆన్ చేస్తే పాస్‌వర్డ్, 64 అంకెల కీ లాంటివి చూపించి ఏది కావాలని అడుగుతుంది. పాస్‌వర్డే పెట్టుకోండి, 64 అంకెలు తప్పు లేకుండా రాసుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. మర్చిపోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు. ఇంకోటి, మీరు తాళం వేసుకున్నా అవతలి వాళ్ళ బ్యాకప్ తెరిచే ఉంటే అదే చాట్ అక్కడ ఉంటుంది, అందుకని ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఒకే రోజు కూర్చుని చేసెయ్యండి.

ఐఫోన్ ఉన్నవాళ్ళు

ఇండియాలో ఉంటే సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు, తరవాత ఐక్లౌడ్, చివర్లో అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్. ఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16.2 గానీ ఆ తరవాతది గానీ అయ్యుండాలి, అదే ఖాతాలో పాత ఐప్యాడ్ ఏదైనా ఉంటే అది కూడా అప్‌డేట్ అవ్వాలి, లేకపోతే ఒప్పుకోదు. ఆన్ చేసే ముందు, పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా మళ్ళీ తెరుచుకోవడానికి, రికవరీ కాంటాక్ట్‌గా ఒక మనిషినైనా పెట్టమంటుంది, 28 అక్షరాల రికవరీ కీ అయినా రాసుకోమంటుంది. రెండూ చెయ్యండి. దీంతో ఫోటోలు, బ్యాకప్, నోట్స్, డ్రైవ్ అన్నిటి చెవీ మీ దగ్గరికొస్తుంది. మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్ మాత్రం ఈ తాళంలోకి రావు.

బ్రిటన్‌లో ఉన్న పిల్లలకి ఆ దారి మూసుకుంది. పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా, ఐమెసేజ్ లాంటివి అక్కడ కూడా ఎండ్ టు ఎండ్‌లోనే ఉన్నాయి, పోయింది ఫోటోలకీ బ్యాకప్‌కీ ఉండే రక్షణ. వాళ్ళు ఇంకా గట్టిగా కావాలనుకుంటే కింద చెప్పే పద్ధతే, ఆండ్రాయిడ్ వాళ్ళకీ అదే.

మన తాళం మనమే వేసుకోవడం

క్రిప్టొమేటర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్లో ఉచితం, ఫోన్లో పూర్తిగా వాడాలంటే కొంచెం డబ్బు కట్టాలి. దాని కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు. కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్ యాప్ పెట్టుకుంటే దాని ఫోల్డర్ ఒకటి వస్తుంది, ఇది అందులో ఒక ఖజానా పెట్టె చేస్తుంది. పాస్‌వర్డ్ కొడితే ఆ పెట్టె ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, అందులో ఫైళ్ళు పడేస్తే తాళం వేసి గూగుల్ ఫోల్డర్లోకి తోస్తుంది. గూగుల్ వైపు నుంచి చూస్తే లోపల ఏముందో కాదు, ఫైలు పేరు కూడా కనపడదు. ఎన్ని ఫైళ్ళు, ఎంత సైజు, ఎప్పుడు పెట్టారు అనేవి మాత్రం కనపడతాయి.

పాస్‌వర్డ్ దగ్గరే అందరూ బోర్లా పడతారు. పిల్లల పుట్టినరోజులు, ఇష్టదైవం పేరు, బండి నంబరు వద్దు. సామెతలూ పాట పల్లవులూ వద్దు. ఒకదానికొకటి పొంతన లేని అయిదారు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. పులస, గొడుగు, గుమస్తా, ఉప్పుడు బియ్యం, సైకిలు చక్రం, ఇలాగన్నమాట, ఇవే పెట్టకండి మరి, నేను రాసేశాగా.

పెట్టె చేసేటప్పుడు రికవరీ కీ కావాలా అని అడుగుతుంది. కావాలనే అనండి. బారెడు ఇంగ్లీషు మాటల వరస ఒకటి ఇస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తియ్యకండి, తీశారంటే అది తిన్నగా గూగుల్ ఫోటోస్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది, తాళం వేసి చెవిని గుమ్మానికి తగిలించినట్టే. కాగితం మీద చేత్తో రాయండి. జెల్ పెన్ను వద్దు, తడిస్తే అలుక్కుపోతుంది, బాల్ పెన్నుతో రాసి జిప్ కవర్లో పెట్టండి. ఏ ఖాతాదో, దేనిదో ఆ కాగితం మీద రాయకండి. రెండు కాపీలు, రెండు ఊళ్ళలో, వాటిలో ఒకటి మెరకలో ఉన్న ఇంట్లో. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎంతమంది కాగితాలు నీళ్ళపాలయ్యాయో చూసినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

అలాగని క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ 2022 మే నెలలోనే అమలాపురం గొడవల తరవాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు. క్లౌడ్‌లో ఎంత భద్రంగా దాచుకున్నా అప్పుడు చేతికి అందేది ఏమీ లేదు. అందుకని అదే పెట్టె కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, తాళంతో సహా అలాగే, ఇంట్లో ఉండాలి.

ఈ పెన్‌డ్రైవ్ మాట నేను ఊరికే చెప్పట్లేదు. మా తమ్ముడి రొయ్యల చెరువు లెక్కలు ఇలాగే క్రిప్టొమేటర్లో పెట్టి ఇచ్చాను. డ్రైవ్ నిండిపోయింది, 15 జీబీ అయిపోయింది అని వాడికి మెసేజ్ వచ్చింది. ఖాళీ చేద్దామని తెరిచి చూస్తే, డి అనే ఒక ఫోల్డరు, దాన్నిండా కొరకరాని అక్షరాలతో పేర్లున్న ఫైళ్ళు. ఏదో వైరస్ అనుకున్నాడు పాపం, మొత్తం డిలీట్ కొట్టేశాడు. నాకు చెప్పింది నెలన్నర తరవాత. గూగుల్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఫిబ్రవరి నాటి కాపీ దొరికింది, మార్చి, ఏప్రిల్ మేత బిల్లులు మాత్రం పోయాయి, వాటి కోసం డీలరు చుట్టూ తిరిగాడు. తప్పు వాడిది కాదు, ఆ ఫోల్డరేంటో చెప్పకపోవడం నాది. కాబట్టి ఖాతా వాడే ప్రతివాళ్ళకీ ఆ పెట్టెని ఒకసారి చూపించి, ఇది మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి. రెణ్ణెల్లకోసారి ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసుకోండి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

నిజంగా ఎవరైనా అడిగితే

ముందు, ఫోన్లో అడిగితే అది సర్కారు కాదు. సీబీఐ అనీ, కస్టమ్స్ అనీ వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అంటారే, అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. రిటైరైన మాస్టార్లకి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలి, సర్కారు మాటంటే వాళ్ళకి గౌరవం ఎక్కువ, దొంగలకి కావాల్సింది అదే.

నిజంగా నోటీసు వస్తే అది రాతపూర్వకంగా ఉంటుంది, ఏ సెక్షన్ కిందో అందులో ఉంటుంది. కొత్త నేర ప్రక్రియ చట్టం, అంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో, 94వ సెక్షన్ కింద ఫలానా రికార్డు తెచ్చివ్వమని అడగొచ్చు. సోదా చేస్తే 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీయాలి, పట్టుకెళ్ళిన వస్తువుల జాబితా రాయాలి. ఆ జాబితా కాపీ అడిగి తీసుకోండి. గొంతు పెంచక్కర్లేదు, "అండీ, కాగితం ఒకసారి చూసుకోనివ్వండి, మా లాయరు గారితో మాట్లాడి ఇస్తాను" అంటే చాలు. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్నదానిపై కోర్టులు అన్నిచోట్లా ఒకేలా చెప్పలేదు. మన మీద మనమే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణం అంటుంది, అటు 69వ సెక్షనేమో సహకరించాలంటుంది, ఆ మధ్యలో మీ కేసు ఎక్కడ నిలబడుతుందో చెప్పాల్సింది లాయరే, నేనూ కాదు, మీ ఆఫీసులో కుర్రాడూ కాదు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, నోటీసు వచ్చాక ఏదీ డిలీట్ చెయ్యకండి. ముందు లేని నేరం అప్పుడు పుడుతుంది.

మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు అక్క వాళ్ళింట్లోనే పెట్టె చేయించాను. వాడు వంటింటి గుమ్మంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రికవరీ మాటలు ఒక్కొక్కటే చదువుతుంటే నేను రాశాను, రాసింది మళ్ళీ మొదట్నుంచి చదివించాను, రెండు స్పెల్లింగులు తప్పు పడ్డాయి. అక్క అరిసెలు ఒత్తుతూ మధ్యమధ్యలో తొంగి చూసి, "ఏవిట్రా ఆ మాటలు, ఒకదానికొకటి సంబంధం లేకుండా, మంత్రమా?" అంది. ఇది వాడి ఫోటోల తాళం చెవక్కా, జాగ్రత్తగా దాచు అన్నాను. చేతులు కడుక్కుని వచ్చి కవరు తీసుకుని బీరువాలో దస్తావేజుల సంచిలో పెట్టింది. "ఇది దేనిదో మీ బావగారికి మాత్రం చెప్పకు, ఊరంతా చెప్పుకొస్తారు" అంది.